మా లైనులో గుర్రాల పడం

మా మనవరాలు సినిమాలకు మార్కులు వేస్తుంది. కాలేజీలో చదువుతోంది. ఏ సినిమా చూసినా ఫోనులో దాని గురించి నాలుగు ముక్కలు రాసి, ఐదింటికి ఇన్ని స్టార్లని ఇచ్చి, లోకమంతా చదివేలా పెడుతుంది. మొన్నొక మధ్యాహ్నం నా పక్కనే బోర్లా పడుకుని ఏదో పాత ఇంగ్లీషు సినిమా చూసింది. గుర్రాలు, ఎర్రటి దుమ్ము, నడుములకు తుపాకులు. అయిపోయాక పెదవి విరిచింది.

"నాయనను చంపుతారు, కొడుకు పెద్దవాడై పగ తీర్చుకుంటాడు. అందరికీ తెలిసిన కతే అవ్వా. రెండు స్టార్లు చాలు."

"ఇట్లాంటిది నేను చూసినాను" అన్నాను.

"నువ్వా! ఇంగ్లీషు పడమా!" అని లేచి కూర్చుంది. "ఎట్ల ఉండింది చెప్పు, నీ రివ్యూ కూడా వేస్తాను."

చెవులు వేడెక్కాయి. తలలో తెల్లవెంట్రుకలు తప్ప ఇంకేమీ మిగలని ఈ వయసులో కూడా ఆ సినిమా తలుచుకుంటే నాకు ముందు వచ్చేది సిగ్గే.

అప్పుడు మేము కోయంబత్తూరులో మిల్లు లైనులో ఉండేవాళ్ళం. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో సందు, సందు చివర అందరికీ ఒకటే కుళాయి. ఇళ్ళలో తెలుగు, కుళాయి దగ్గర సగం తెలుగు సగం తమిళం, బడిలో ఉట్టి తమిళం. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే లేచేవాళ్ళం, మళ్ళీ ఊదితే తినేవాళ్ళం. గడియారం ఎవరింట్లోనూ ఉండేది కాదు. షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్ళ కనుబొమలు తెల్లగా ఉండేవి, దూది పట్టి. మా అమ్మ నాయనను గడప అవతలే నిలబెట్టి తువ్వాలుతో దులిపేది. ఎంత దులిపినా ఆయన దగ్గర మిషను నూనె వాసన పోయేది కాదు. నాకు ఆ వాసన ఇష్టం. ఉలవలు ఉడికే వాసన, పక్కింటి సజ్జ సంగటి వాసన, ఈ నూనె వాసన, మూడూ కలిస్తే సాయంకాలమైనట్టు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే అవ్వకు జబ్బు చేసింది. అవ్వ అంటే నాయన వాళ్ళమ్మ. వాంతులు, జ్వరం. నాయన ఆమెను వీపున వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయి, రాత్రంతా అక్కడే గచ్చు మీద కూర్చుని, తెల్లారి అటునుంచి అటే షిఫ్టుకు వెళ్ళాడు. స్పిన్నింగులో తెగిన పోగులు అతకడం ఆయన పని. నిలబడినవాడు నిలబడినట్టే కునుకు తీశాడు. పోగులు తెగి, దూది రోలర్లకు చుట్టుకుపోయి మిషను ఆగింది.

షిఫ్టు దిగే వేళకు అమ్మ నన్ను గేటు దగ్గరికి పంపింది, అవ్వ కళ్ళు తెరిచి గంజి తాగిందని నాయనకు చెప్పి రమ్మని. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. లోపలికి పోయేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు గేటు నిండా ఉన్నారు. ఆ జనం మధ్యలో, నాయన వాళ్ళ మిషన్ల మీద అజమాయిషీ చేసే మేస్త్రీ మా నాయన చెంప మీద కొట్టాడు.

మేస్త్రీ కూడా తెలుగువాడే. మామూలుగా నాయనతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఆ రోజు తిట్టింది మాత్రం తమిళంలో, అందరికీ అర్థం కావాలని. దెబ్బకు నాయన చేతిలోని టిఫిను క్యారియరు పడిపోయి గిన్నెలు దొర్లాయి. నాయన వంగి ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. మూత దొర్లుకుంటూ పోయి మేస్త్రీ చెప్పుల దగ్గర ఆగింది. దాన్ని కూడా తీసుకున్నాడు. లేచి చూస్తే ఎదురుగా నేను.

"అవ్వ గంజి తాగింది" అన్నాను.

"తాగిందా. మంచిది" అన్నాడు.

ఇద్దరం ఇంటిదారి పట్టాం.

లైనులో అందరికీ తెలిసింది. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకున్నారేమో. మా అన్నకు అప్పటికి మీసం మొలుస్తోంది. బడి చదువు అయిపోయి, మిల్లులో రానివాళ్ళకు బదులుగా చేసే బదిలీ పనికి ఎప్పుడు పిలుస్తారా అని కాచుకుని ఉన్నాడు. పిలవాలంటే అదే మేస్త్రీ సరే అనాలి. ఆ పూట అన్న కంచం ముందు కూర్చుని, అన్నంలో వేలు పెట్టి గీతలు గీసి లేచిపోయాడు.

కొన్నాళ్ళకు రైలు గేటు దగ్గరి సినిమా హాల్లో గుర్రాల పడం వచ్చింది. మా వాళ్ళకు సినిమా అంటే పడమే. ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియకపోయినా లైనులో మగవాళ్ళంతా చూసి వచ్చారు. కథ తెలియడానికి భాష అక్కర్లేదు. ఒక పిల్లవాడి కళ్ళ ముందు వాళ్ళ నాయనను నలుగురు దొంగలు కాల్చేస్తారు. పిల్లవాడు పెద్దవాడై, గుర్రమెక్కి, ఆ నలుగురినీ వెతుక్కుంటూ పోతాడు.

ఇక ఆ నెలంతా సందులో అదే మాట. మా మనవరాలి స్టార్లు ఇప్పుడు వచ్చాయి గాని, మా లైనులో అప్పుడే ఇంటికొక విమర్శకుడు ఉండేవాడు.

ఎదురింటి యూనియన్ మామ బీడీ ముట్టించి చెప్పేవాడు: "పడం బాగుండాది. ఒకటే తప్పు. ఒంటిగా పోతాడు. ఆ ఊర్లో జనాన్ని కూడగట్టుకొని పోయుంటే ఇంటర్వెల్ లోపలే పని అయిపోయుండును."

పక్కింట్లో క్రైస్తవుల కుటుంబం. ఆ ఇంటి పెద్దాయన ఆదివారం చర్చిలో బైబిలు చదివేవాడు. మేము ఆయన్ను పెదనాయన అనేవాళ్ళం. "పగ తీర్చేది దేవుడి పని, మనది కాదు. అట్లాంటి పడాలు పిల్లలకు చూపించరాదు" అని గట్టిగా చెప్పి, మరుసటి వారం మళ్ళీ పోయి చూసి వచ్చాడు. అడిగితే, "ఎంత తప్పో సరిగ్గా చెప్పాలంటే సరిగ్గా చూడాల గదా" అన్నాడు.

కుళాయి దగ్గర, పడం చూసొచ్చిన ఆడవాళ్ళ బాధ వేరు. అంత దుమ్ములో ఆ కథానాయిక గౌను అంత తెల్లగా ఎట్లా ఉందో వాళ్ళకు అంతుబట్టలేదు. ఏ సబ్బు వాడి ఉంటుందని చాలా సేపు మాట్లాడుకున్నారు.

మంచం మీద నుంచి ఇంకా సరిగ్గా లేవని మా అవ్వ, అన్న చేత కథంతా చెప్పించుకుంది. "అన్ని దినాలు గుర్రం మీద తిరిగినాడే, ఏమి తినె?" అని అడిగింది.

"డబ్బాలో చిక్కుడు గింజలు అవ్వా."

"దినమూ అదేనా? అందుకే అంత కోపము" అంది అవ్వ.

పిల్లలం మేము మిల్లు గోడ వెనక పారబోసిన వ్యర్థపు దూది ఏరుకొచ్చి, అన్నం మెతుకులతో మీసాలు అతికించుకుని, చీపురు కట్టల మీద స్వారీ చేసేవాళ్ళం. ఒకసారి నిద్రపోతున్న పెదనాయనకు కూడా అతికించాము. ఆయన ఆ మీసంతోనే ప్రార్థనకు వెళ్ళి వచ్చాడు.

అన్న అభిప్రాయం మాత్రం ఎవరూ అడగనక్కర్లేదు. వాడు ఆ పడం ఎన్నిసార్లు చూశాడో వాడికే తెలియదు. నడుములో బొటనవేళ్ళు పెట్టుకుని నడిచేవాడు. పంటి కింద చీపురు పుల్ల. సందులో కూర్చున్న మగవాళ్ళకు ఆ ఆఖరి కాల్పులు నటించి చూపించేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

అప్పుడు నాయన షిఫ్టు దిగి సందులోకి వచ్చేవాడు. మాట ఆగిపోయేది. యూనియన్ మామ బీడీ వంక చూసుకునేవాడు. పెదనాయన వానల గురించి ఏదో అనేవాడు. నాయన మా గడప దాటి లోపలికి వెళ్ళాక, కొంచెం తగ్గిన గొంతులతో మళ్ళీ మొదలయ్యేది. మొదట్లో నాకు అర్థం కాలేదు. తరవాత ఒకరోజు ఎవరో "నాయన కోసం కొడుకు అంత చేసె. కొందరికి నాయన ఉండీ..." అని మొదలుపెట్టి, నన్ను చూసి మింగేశారు. వాళ్ళు ఇన్నాళ్ళూ చెబుతున్నది పడం గురించి కాదని, మా ఇంటి గురించని అప్పుడు తెలిసింది. దూది మీసం పీకేసి ఇంట్లోకి పోయాను. పై పెదవి మంట పుట్టింది.

నాయనకూ తెలిసే ఉంటుంది. ఒక సాయంకాలం అన్నం తింటూ, "ఈ ఆదివారము అందరమూ పడానికి పోదాము" అన్నాడు.

"ఏ పడానికి?" అంది అమ్మ.

"ఊరంతా చూస్తుండేదానికే."

అమ్మ అన్న వైపు చూసింది. అన్న గోడ వైపు చూశాడు.

ఆదివారం అవ్వను కూడా నడిపించుకుని వెళ్ళాము. నేను దీపావళికి కుట్టించిన నీలం పువ్వుల గౌను వేసుకున్నాను. హాల్లో మేము బెంచీల్లో కూర్చున్నాం. మల్లెపూలు, వేరుశనగ పొట్టు, బీడీ పొగ, అందరి ఒంటి మీదా అదే మిల్లు నూనె. లైట్లు ఆర్పకముందు వెనక్కి తిరిగి చూశాను. కుర్చీల వరసలో మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన కూతురు. ఆ పిల్ల నా తరగతే, నా వెనక బెంచీ. ఆమె ఒంటి మీద కూడా నీలం పువ్వుల గౌనే. మిల్లు వాళ్ళు పండక్కి అందరికీ ఇచ్చింది ఒకే తానులోని గుడ్డ కదా. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను గబుక్కున ముందుకు తిరిగాను.

మొదటి సగం చివర్లో కథానాయకుడు ఆ దొంగల్లో ఒకణ్ణి పట్టుకుంటాడు. సారాయి కొట్టు ముందు, అందరూ చూస్తుండగా వాణ్ణి మోకాళ్ళ మీద నడిపిస్తాడు. హాలంతా ఈలలు. ఆ ఈలల్లో నుంచి ఎవడో అరిచాడు: "ఇప్పుడి ఇరుక్కణుం డా ఆంబళ!" మగవాడంటే ఇట్లా ఉండాలిరా అని. ఇంకో గొంతు తెలుగులో, "సైడు బెంచీకి వినబడేటట్టు చెప్పురా" అంది. సైడు బెంచీలో ఉన్నది మేమే. ముందు వరసలో తలలు తిరిగాయి. చీకట్లో కూడా ఆ తలలు ఎవరివో నాకు తెలిసిపోయింది. నాయన తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

ఇంటర్వెల్ లైట్లు వెలగగానే అన్న లేచి వెళ్ళిపోయాడు. సోడాకు వెళ్ళాడేమో అనుకున్నాము. కాసేపటికి బయట సీసా పగిలిన చప్పుడు.

మేము వెళ్ళేసరికి సోడా కొట్టు ముందు జనం గుండ్రంగా నిలబడిపోయి ఉన్నారు. అన్న చేతిలో మెడ విరిగిన సోడా సీసా. వాడి అరచేయి తెగి, మోచేతి దాకా రక్తం కారుతోంది. ఎదురుగా మేస్త్రీ. ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఒక చెయ్యి కూతురి ముఖానికి అడ్డం పెట్టి ఉన్నాడు. ఆ వేళ్ళ సందుల్లోంచి ఆ పిల్ల చూస్తోంది. ఆమె చేతిలోని కలర్ సోడా గౌను మీద ఒలికిపోతోంది.

"గేటు కాడ కొడితివే, ఇప్పుడు కొట్టు" అన్నాడు అన్న. గొంతు పిల్లవాడి గొంతులాగే ఉంది.

ఎవరూ కదల్లేదు. నిజం చెప్పాలంటే అందరి కళ్ళలో ఇంకా పడమే ఉంది. "ఊ" అన్నారు వెనకనుంచి ఎవరో, కోడిపందెంలో అన్నట్టు.

నాయన ఎటునుంచి వచ్చాడో. వచ్చి అన్న మణికట్టు పట్టుకున్నాడు. సీసా జారి పడింది. అన్న చెయ్యి వదిలితే మళ్ళీ ఏమి చేస్తాడోనని వదల్లేదు. ఆ చేతిని తన రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుని, అట్లాగే మేస్త్రీ వైపు తిరిగి దండం పెట్టాడు. ఆ దండం లోపల అన్న చెయ్యి, దాని రక్తం.

"మన్నిచ్చుకోండయ్యా. పసివాడు. నా ముఖం చూసి మరిచిపోండి."

"ఏ చెంప చూసి?" అన్నాడు గుంపులో ఒకడు.

నవ్వారు. అందరూ కాదు. కాని నవ్వినవాళ్ళలో మా లైను వాళ్ళు ఉన్నారు. మేస్త్రీ నవ్వలేదు. కూతుర్ని ఎత్తుకుని పక్క తలుపు గుండా వెళ్ళిపోయాడు. అంత పెద్ద పిల్లను ఎత్తుకున్నాడు. భుజం మీంచి ఆమె నన్నే చూసింది. ఇద్దరివీ ఒకేలాంటి గౌనులు.

అమ్మ ఏడుస్తూ, "ఇంటికి పోదాము పదండి" అంది.

"కూచో. పడం ఇంకా సగముండాది" అన్నాడు నాయన. తువ్వాలు చింపి అన్న చేతికి కట్టి, మళ్ళీ అదే బెంచీలో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టాడు. లైట్లు ఆరాయి. పడం అయ్యేదాకా ఆయన అన్న మణికట్టు వదల్లేదు.

ఇంటికి నడుస్తుంటే అన్న ముందు, మేము వెనక. మిల్లు గోడ దగ్గరికి వచ్చాక వాడు ఆగి తిరిగాడు.

"ఆ పడం చూసినంక కూడా నీకు సిగ్గు రాలేదా నాయనా?"

"రాకేమిరా. వచ్చె" అన్నాడు నాయన. కాసేపు నడిచి, "ఆ కత నడిచేదానికి మొదట నాయన సావాల. నేను బతికే ఉండాను కదరా" అన్నాడు.

"బతికి?" అన్నాడు అన్న.

అవ్వ రోడ్డు మీదే కూలబడి, ఆ రోజు తనకు జబ్బు రాకపోతే ఇదంతా ఉండేది కాదని గొణిగింది. అమ్మ, నేను ఆమెను చెరో రెక్కా పట్టి లేపాము.

మేస్త్రీ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అన్నకు బదిలీ పని మాత్రం రాలేదు. కొన్నాళ్ళకు నాయనను లోపలి ఉక్కలో నుంచి కిటికీ పక్క మిషనుకు మార్చారు. అక్కడ గాలి వస్తుంది, దూది తక్కువ పడుతుంది. ఎవరు మార్పించారో నాయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. లైనులో మాత్రం "దండం పెడితే కిటికీ వచ్చె" అన్నారు. పడం ఎత్తేసినా మా గురించి మాట పోలేదు. బడిలో ఆ పిల్ల నా వెనక బెంచీ నుంచి లేచి మూలకు మారింది. నేను నాయనకు అన్నం తీసుకుపోతే, గేటు దగ్గర "నాయనా" అని కేకవేయడం మానేశాను. బీడీలమ్మే పెట్టెకొట్టు చాటున నిలబడి, జనం పలచబడ్డాక వెళ్ళి ఇచ్చేదాన్ని. ఆయన కళ్ళతో వెతుక్కుంటుంటే చూసి కూడా కదిలేదాన్ని కాదు.

అన్న పొల్లాచ్చి వెళ్ళిపోయాడు. అక్కడ మా దూరపు చుట్టానికి కొబ్బరి మండీ ఉండేది. బస్సులో వాడు ఎక్కి కూర్చుంటే నాయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అన్న లేచి అవతలి పక్కకు మారాడు. నాయన బస్సును చుట్టుకుని అవతలి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బస్సు కదిలేదాకా అక్కడే ఉన్నాడు.

ఏళ్ళు గడిచాయి. అవ్వ పోయినప్పుడు వచ్చి, బూడిద చల్లారకముందే అన్న తిరిగి వెళ్ళాడు. కొబ్బరికాయలు ఒలిచిన చేతులతోనే సొంత మండీ పెట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, కొడుకులు పుట్టారు. ఒకరోజు మిల్లు సంగు ఊదలేదు. మరునాడూ ఊదలేదు. గేటుకు పెద్ద తాళం వేశారు. కొన్నేళ్ళకు లైను కూడా పడగొట్టేశారు. ఇప్పుడక్కడ గాజు గోడల అంగళ్ళు. నాయన ఊపిరితిత్తుల్లో దూది మాత్రం మిగిలిపోయింది. దగ్గు పట్టుకుంటే వదిలేది కాదు. అది విని అన్న తనే కారు తీసుకుని వచ్చి, అడగకుండా అమ్మను, నాయనను ఎక్కించుకుని పొల్లాచ్చి తీసుకుపోయాడు.

ఆఖరి రోజుల్లో నేను చూడ్డానికి వెళ్ళాను. మధ్యాహ్నం. వాకిలి నిండా కొబ్బరి చిప్పలు ఎండుతున్నాయి. ఆ తీపి ముక్క వాసన ఇల్లంతా. నాయన వసారాలో మంచం మీద ఉన్నాడు. అన్న కింద కూర్చుని గోరువెచ్చని కొబ్బరినూనె ఆయన కాళ్ళకు రాస్తున్నాడు. అన్నకు అప్పటికే జుట్టు నెరిసింది.

ఉన్నట్టుండి నాయన అడిగాడు: "ఒరేయ్, ఆ పడం కడాకి ఏమయ్యె?"

"ఏ పడం నాయనా?"

"అదే, గుర్రాల పడం. ఇంటర్వెల్ అయినంక నేను చూడనే లేదు. నీ చెయ్యి యాడ జారిపోతుందో అని దాన్నే చూస్తా ఉంటిని."

అన్న చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ రాయడం మొదలుపెట్టి, "అందరినీ కాల్చేస్తాడు" అన్నాడు.

"తరవాత?"

"గుర్రమెక్కి ఒంటిగా పోతాడు."

"యాడికి?"

"అది చూపించరు నాయనా. ఆడికి పడం అయిపోతుంది."

"ఇంటికి పోడా?"

"ఇల్లు యాడుండాది వానికి?"

"అయ్యో" అన్నాడు నాయన. ఎవరో తెలిసినవాళ్ళ పిల్లవాడి సంగతి విన్నట్టు, నిజంగానే బాధపడి అన్నాడు.

నూనె అయిపోయిందని అన్న లేచి లోపలికి వెళ్ళాడు. గిన్నెలో సగానికి పైగా నూనె ఉంది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, చాలాసేపు ఆగకుండా నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడింది.

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వన్నా చూసినావా పాపా, ఆ రెండో సగము?"

"లేదు నాయనా" అన్నాను.

నిజమే చెప్పాను. ఆ రెండో సగమంతా నేను చూసింది తెరను కాదు. చీకట్లో మా వైపు ఎవరెవరు తిరిగి చూస్తున్నారో చూశాను. ఆ మాట మాత్రం ఆయనకు చెప్పలేక, గిన్నె అందుకుని రెండో కాలికి నూనె రాయడం మొదలుపెట్టాను.